ఎనిమిది వేల గంటల చదువు

మన సంఘం వారి ఉగాది భోజనాల దగ్గర, సంక్రాంతి ముగ్గుల పోటీల దగ్గర నాలుగేళ్ళపాటు మేము ఒక ప్రశ్నకు సరైన జవాబు చెప్పకుండా తప్పించుకు తిరిగాము. "మీ పెద్దవాడు ఏం చేస్తున్నాడండీ?" అన్నదే ఆ ప్రశ్న. "మాన్యుఫాక్చరింగ్ సైడులో ఉన్నాడు" అని ఒకసారి, "కంపెనీవాళ్ళే చదివిస్తున్నారు" అని ఇంకోసారి చెప్పి, మెల్లిగా పులిహోర గిన్నె వైపు జరిగేవాళ్ళం. రెండూ అబద్ధాలు కావు. అయినా నిజం చెప్పినట్టూ కాదు. మా వాడు క్లీవ్‌లాండుకు నలభై నిమిషాల దూరంలో ఒక మెషిన్ షాపులో అప్రెంటిసుగా చేరాడు. 2023 అక్టోబరులో ఆ శిక్షణ పూర్తయి చేతికి సర్టిఫికెట్టు వచ్చింది. "దాచుకుంటే ఏం లాభం, నలుగురికీ పనికివస్తుంది, రాయండి" అని సంపాదకులు గారు రెండుసార్లు ఫోను చేసిన మీదట ఇది రాస్తున్నాము.

వాడు 2018లో అందరు పిల్లల్లాగే ఇంజనీరింగులో చేరాడు. మొదటి ఏడాది కాల్క్యులస్ దగ్గర చతికిలబడ్డాడు. రెండో సెమిస్టరు ఎలా గడిచిందో వాడికే తెలియాలి. 2019 మే నెలలో పెట్టె బేడా సర్దుకుని ఇంటికొచ్చి, "నాన్నా, నేను వెనక్కి వెళ్ళను. మెషినిస్టు అప్రెంటిస్‌షిప్‌కి అప్లై చేశాను" అన్నాడు. మా ఆవిడ రెండు రోజులు వంటింట్లోంచి బయటికి రాలేదు. మేము అరిచాము, బతిమాలాము, తెలిసిన ప్రొఫెసరు గారి చేత చెప్పించాము. తణుకు నుంచి మా అమ్మగారు ఫోనులో అంతా విని, "లేతు మిషను దగ్గర పనా? దానికి అమెరికా దాకా పోవడం ఎందుకురా, మన బస్టాండు వెనక షెడ్డులోనే నేర్పేవాళ్ళు గదా" అన్నారు. ఆవిడ ఎగతాళి చేయలేదు. నిజంగానే అడిగారు.

ఇక్కడ మా సంగతి కొంచెం చెప్పుకోవాలి. మేమూ మెకానికల్ ఇంజనీరింగే చదివాము. మేము చదివిన కళాశాల పేరు ఎందుకు గాని, వారానికో పూట వర్క్‌షాపు ఉండేది. ఒక చిన్న ఇనప పలకను ఆకురాయితో అరగదీసి, రెండు ముక్కలూ ఒకదానిలో ఒకటి ఇమిడేట్టు చెయ్యాలి. దాన్ని 'జాబ్' అనేవాళ్ళు. అరగంట అరగదీస్తే అరచేతులు బొబ్బలెక్కేవి. అప్పుడు అక్కడుండే అటెండరుకు రెండు రూపాయలిస్తే ఆయన పావుగంటలో అద్దంలా చేసి ఇచ్చేవాడు. మేము దాని మీద నంబరు వేయించుకుని మార్కులు తెచ్చుకునేవాళ్ళం. క్లాసులో సగం మందిది ఇదే పని. ఆ డిగ్రీ పట్టుకుని 1997లో, వై2కే పుణ్యమా అని, కోబాల్ రాసే ఉద్యోగానికి ఈ దేశం వచ్చాము. ఆ తరవాత ఇన్నేళ్ళలో ఒక్క ఇనప ముక్క ముట్టుకున్న పాపాన పోలేదు. ఆ అటెండరు పేరు ఎంత గుర్తు చేసుకుందామన్నా గుర్తు రావడం లేదు.

సరే, ఈ అప్రెంటిస్‌షిప్ అనేదేమిటో చూద్దాం. పాతకాలంలో యజమాని ఇంట్లో ఉండి, బాండు రాసిచ్చి, ఏళ్ళ తరబడి ఊడిగం చేసి పని నేర్చుకునే పద్ధతి ఇది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ అన్నగారి అచ్చాఫీసులో అలాగే చేరి, 1723లో పారిపోయాడు. 1824లో నార్త్ కరొలైనాలో ఒక దర్జీ, తన దగ్గర్నుంచి పారిపోయిన కుర్రాళ్ళను పట్టి తెచ్చిన వారికి పది డాలర్లు ఇస్తానని పేపర్లో ప్రకటన వేయించాడు. వాళ్ళలో ఒకడు ఆండ్రూ జాన్సన్, తరవాత 1865లో ఈ దేశానికి అధ్యక్షుడయ్యాడు. హెన్రీ ఫోర్డు 1879లో పదహారేళ్ళ వయసులో పల్లెటూరు వదిలి డెట్రాయిటు వచ్చి మెషిన్ షాపులో అప్రెంటిసుగానే మొదలుపెట్టాడు.

ఇప్పుడు ఊడిగం లేదు, పారిపోవలసిన అవసరమూ లేదు. 1911లో విస్కాన్సిన్ రాష్ట్రం మొదట చట్టం చేసింది. 1937 ఆగస్టులో రూజ్‌వెల్టు సంతకంతో దేశం మొత్తానికీ చట్టం వచ్చింది. దాని ప్రకారం కంపెనీ తన శిక్షణ పద్ధతిని ప్రభుత్వం దగ్గర రిజిస్టరు చేసుకుంటుంది. కుర్రవాడూ కంపెనీ ఒప్పందం మీద సంతకాలు చేస్తారు. ఏ మిషను మీద ఎన్ని గంటలు నేర్పాలి, జీతం ఏ మెట్టున ఎంత పెరగాలి అన్నీ అందులో ఉంటాయి. మెషినిస్టు పనికి మామూలుగా 8,000 గంటలు, అంటే నాలుగేళ్ళు. అదిగాక ఏడాదికి కనీసం 144 గంటలు తరగతి గదిలో చదువు. మా వాడికి అది వారానికి రెండు సాయంత్రాలు కమ్యూనిటీ కాలేజీలో. మొదటి రోజు నుంచీ జీతం ఇస్తారు. వాడు గంటకు 15 డాలర్లతో మొదలుపెట్టాడు.

జీతం ఇస్తారు గదా అని మొదటి రోజే మిషను ముట్టనివ్వరు. మొదటి నెలలన్నీ బెంచి దగ్గర, ఆకురాయితో! ఆ మాట వాడు చెప్పినప్పుడు మాకు ముద్ద దిగలేదు. వాడి గురువు డెబ్బైకి దగ్గర పడిన పెద్దమనిషి, తాతల నాడు స్లొవేనియా నుంచి వచ్చిన కుటుంబం. తన పేరు రాయవద్దన్నారు. అందరూ ఆయన్ను పేరు పెట్టే పిలుస్తారు. మా వాడు కూడా పిలుస్తుంటే మాకు ఒళ్ళు జలదరించేది. ఇంట్లో మాత్రం మేమందరం 'గురువు గారు' అనే అంటాము. ఆయన ఒక ఇనప దిమ్మ ఇచ్చి, ఆరు ముఖాలూ చదునుగా, మూలలన్నీ సరిగ్గా లంబకోణంలో ఉండేట్టు ఆకురాయితోనే చెయ్యమన్నారట. మా వాడికి పదకొండు రోజులు పట్టింది. రోజూ సాయంత్రం ఆయన దాని మీద మూలమట్టం ఆనించి, వెలుతురుకు ఎత్తి చూసి, సందులోంచి సన్నగా వెలుగు కనబడితే మాట్లాడకుండా తిరిగి ఇచ్చేసేవారు. పన్నెండో రోజు జేబులో వేసుకుని వెళ్ళిపోయారు. అది పాసయినట్టని పక్క బెంచీ వాళ్ళు చెబితేగాని మా వాడికి తెలియలేదు.

ఈ లోకంలో కొలత అంగుళంలో వెయ్యో వంతుతో మొదలవుతుంది. దాన్ని 'థౌ' అంటారు. మన తలవెంట్రుక మందం రెండు మూడు థౌలు ఉంటుంది. అందులో పదో వంతును, అంటే అంగుళంలో పదివేలో వంతును, 'టెన్త్' అంటారు. మొదట్లో మా ఆవిడ టెన్త్ అంటే పదో క్లాసు అనుకుంది. మైక్రోమీటరు చేతికిచ్చి, ఒకే ముక్కను పదిసార్లు కొలిపించి, పదిసార్లూ ఒకే అంకె వచ్చేదాకా వదలరట. మరీ బిగిస్తే ఒకటి, వదులుగా పట్టుకుంటే ఇంకొకటి వస్తుంది. వేళ్ళకు ఆ 'పట్టు' తెలియాలి. మన అమ్మమ్మలకు పాకం తీగ వేళ్ళ మధ్య తెలిసినట్టన్నమాట.

లెక్కల సంగతి మాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది. కాల్క్యులస్ తప్పినవాడు వంటింటి బల్ల మీద త్రికోణమితి పుస్తకం పెట్టుకు కూర్చునేవాడు. సైన్ బార్ అని ఒక సాధనం ఉంది, సరిగ్గా అయిదు అంగుళాల దూరంలో రెండు గుండ్రటి కడ్డీల మీద నిలిచే ఉక్కు పలక. ఒక ముక్కను ముప్పై డిగ్రీల వాలులో చెక్కాలంటే, ముప్పై సైను సగం, అయిదులో సగం రెండున్నర. కాబట్టి ఒక కడ్డీ కింద రెండున్నర అంగుళాల ఎత్తు పెడితే చాలు, కోణం వచ్చేస్తుంది. ఆ ఎత్తు పెట్టడానికి గేజ్ బ్లాకులని చిన్న ఉక్కు దిమ్మలుంటాయి. స్వీడన్ దేశస్థుడు యొహాన్సన్ కనిపెట్టినవి. ఆయన 1923లో ఇక్కడికొచ్చి ఫోర్డు దగ్గర పనిచేశాడు. ఆ దిమ్మలెంత నునుపంటే రెండిటిని రుద్ది జతచేస్తే జిగురు లేకుండానే అతుక్కుపోతాయి. "నాన్నా, సైను దేనికో కాలేజీలో ఎవరూ చెప్పలేదు" అన్నాడు మా వాడు. మాకూ ఎవరూ చెప్పలేదు. మేము అడగనూ లేదు.

లేతు దగ్గర గురువు గారి నియమాలు మూడు. చేతికి గ్లవ్స్ వద్దు, ఉంగరం వద్దు, పొడుగు చేతుల చొక్కా వద్దు. తిరిగే మిషను దేన్ని పట్టుకున్నా మనిషిని లాగేస్తుంది. చక్ తాళం చెవి చక్‌లో వదిలి చెయ్యి తీస్తే ఆ రోజుకు ఇంటికే. ఇక్కడ మా ఇంట్లో ఒక గొడవ వచ్చింది. ఆ కార్తీక మాసంలో సత్యనారాయణ వ్రతం చేసుకుని మా ఆవిడ వాడి చేతికి తోరం కట్టింది. మర్నాడు గురువు గారు అది చూసి తీసెయ్యమన్నారు. వీడు "మా అమ్మ కట్టింది" అన్నాడు. ఆయన తన ఎడమ చెయ్యి చూపించారట, ఉంగరం వేలు సగమే ఉంది. వాడు తోరం విప్పి పనిముట్ల పెట్టె పై అరలో పెట్టుకున్నాడు. ఈ సంగతి విని మా ఆవిడ ముందు కోపగించింది. వేలి సంగతి చెప్పాక ఇంకేమీ అనలేదు. ఆ తరవాత తోరాలన్నీ ఆ అరలోకే వెళ్ళాయి. దసరాకు ఆ పెట్టెను ఇంటికి తెప్పించి ఆయుధపూజ కూడా చేయించింది. "బొట్టు పెట్టమ్మా గాని నీళ్ళు మాత్రం చల్లొద్దు, తుప్పు పడుతుంది" అని వాడు పక్కనే నిలబడి కాపలా కాశాడు.

రెండో ఏడు, 2021 వేసవిలో, ఒక పెద్ద తప్పు చేశాడు. మూడు అంగుళాల లావు ఉక్కు షాఫ్టు. రెండు రోజుల పని అప్పటికే దాని మీద అయింది. ఆఖరి కోత వేసి వెంటనే కొలిచాడు, సరిగ్గా ఉంది. గంట తరవాత తనిఖీ గదిలో కొలిస్తే ఒక థౌ తక్కువ వచ్చింది. అనుమతించినది అర థౌ మాత్రమే. కారణం వేడి! ఉక్కు ప్రతి డిగ్రీ ఫారెన్‌హీటుకూ అంగుళానికి ఆరున్నర మిలియనో వంతు పెరుగుతుంది. కోత వేసినప్పుడు ఆ షాఫ్టు గది కన్నా అరవై డిగ్రీలు వేడిగా ఉంది. మూడును అరవైతో, దాన్ని ఆరున్నరతో గుణించి చూసుకోండి, అంగుళంలో వెయ్యో వంతు పైచిలుకు వస్తుంది. అందుకే కొలతలకు 68 డిగ్రీలని ప్రమాణం పెట్టుకున్నారు. చల్లారనిచ్చి కొలవాలని వాడికి తెలుసు, పరీక్షలో రాశాడు కూడా. తొందరపడ్డాడు. ఆ షాఫ్టు పాత ఇనుము డబ్బాలోకి పోయింది. ఆ రాత్రి వాడు అన్నం తినలేదు. "ఇప్పుడైనా కాలేజీకి వెళ్ళకూడదట్రా" అని మేము అన్నాము. ఇప్పుడు తలుచుకుంటే ఆ మాట ఆ పూట అనవలసింది కాదు. వాడు జవాబు చెప్పకుండా లేచి వెళ్ళి, మర్నాడు మామూలు వేళ కన్నా గంట ముందు షాపుకి వెళ్ళాడు. గురువు గారు తిట్టలేదట. ఆ షాఫ్టు ముక్కొకటి కోసి వాడి బెంచీ మీద పెట్టారు, కాగితాలు ఎగరకుండా. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

మేముండే ఊరు చుట్టుపక్కల ఇంత చరిత్ర ఉందని అప్పటిదాకా మాకు తెలియదు. వార్నర్, స్వేసీ అని ఇద్దరు కుర్రాళ్ళు న్యూ హాంప్‌షైరులో ఒకే షాపులో అప్రెంటిసులుగా పనిచేసి, స్నేహితులై, 1881లో క్లీవ్‌లాండులో ఫాక్టరీ పెట్టారు. లేతులు చేసి డబ్బు సంపాదించి, సరదాగా టెలిస్కోపులు చేశారు. కాలిఫోర్నియా లిక్ అబ్జర్వేటరీలో 1888 నాటి 36 అంగుళాల టెలిస్కోపుకు, 1897లో యర్క్స్ వారి 40 అంగుళాల దానికి అమరిక వాళ్ళదే. ఆ కంపెనీలో ఫెకర్ అని ఒక ఇంజనీరు ఉండేవాడు. ఆయన కొడుకు పిట్స్‌బర్గులో సొంత కంపెనీ నడిపాడు. మన హైదరాబాదుకు అవతల జాపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా వారు 1968లో నెలకొల్పిన 48 అంగుళాల టెలిస్కోపు ఆ ఫెకర్ కంపెనీదే. 1980 ఫిబ్రవరిలో సంపూర్ణ సూర్యగ్రహణానికి శాస్త్రజ్ఞులంతా చేరిన చోటు అది. ఆ రోజు మా ఇంట్లో తలుపులన్నీ బిగించి, దర్భలు వేసి కూర్చోబెట్టారు. ఇదంతా చెబితే మా వాడు గ్రహణం సంగతి వదిలేసి, "ఆ టెలిస్కోపు బేరింగులు ఎవరు గ్రైండు చేసుంటారు?" అని అడిగాడు.

మన వాళ్ళకు ఈ పని కొత్తదేమీ కాదు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి లక్కబొమ్మలు చేసేవారిది ఇదే విద్య. తరిమెన అనే చక్కని మాట ఉండగా మనం లేతు అంటున్నాము. సికిందరాబాదులో 1943 నాటికే ప్రాగా టూల్స్ వచ్చింది. మన దేశంలో అప్రెంటిసుల చట్టం 1961లో వచ్చింది. బాలానగర్‌లో టూల్ డిజైను సంస్థ 1968లో వెలిసింది. పని లేక కాదు, పనిచేసేవాడికి మనం కుర్చీ వేయకపోవడమే అసలు సంగతి అని మాకు తోస్తుంది. తప్పయితే పాఠకులు దిద్దవచ్చు.

ఇక డబ్బు విషయం. ఫోను చేసిన వాళ్ళందరూ చివరికి అడిగేది అదే. ఉన్నదున్నట్టు చెబుతాము. 2023లో దేశం మొత్తం మీద మెషినిస్టుల మధ్యస్థ సంపాదన ఏడాదికి సుమారు 50 వేల డాలర్లు. అచ్చులు తయారుచేసే టూల్ అండ్ డై పనివారికి అంతకన్నా ఎక్కువ. సాఫ్టువేరు జీతాలతో పోల్చేవారు ఇక్కడితో చదవడం ఆపవచ్చు. మరో పక్కన, వాడికి అప్పు లేదు. వాడి చదువుకని మేము పుట్టినప్పటి నుంచీ దాచిన 529 ఖాతా ఉంది, అది ఏమవుతుందోనని దిగులు పడ్డాము. 2019 డిసెంబరులో వచ్చిన చట్టం ప్రకారం, రిజిస్టరయిన అప్రెంటిస్‌షిప్‌కు కావలసిన ఫీజులు, పుస్తకాలు, పనిముట్లు ఆ ఖాతాలోంచి పన్ను లేకుండా కొనుక్కోవచ్చు. ఈ సంగతి మా అకౌంటెంటుకు మేమే చెప్పాము. మెషినిస్టుకు చేతి పనిముట్లు సొంతంగా ఉండడం ఈ దేశంలో ఆచారం. మైక్రోమీటర్లు, ఇండికేటర్లు, 1914 నుంచి వస్తున్న లావుపాటి మెషినరీస్ హ్యాండ్‌బుక్కు అలాగే వచ్చాయి. పెట్టె మాత్రం పాతది. డేటన్‌లో గెర్స్ట్‌నర్ వారు చేసిన ఓకు చెక్క పెట్టె, చనిపోయిన ఒక మెషినిస్టు గారి భార్య అమ్మింది. అరల్లో ఆకుపచ్చ ముఖమల్ గుడ్డ, మూత లోపల ఆయన పొడి అక్షరాలు. వాటిని చెరిపెయ్యవద్దని ఆమె కోరింది. మా వాడు వాటి కిందనే తనవి చెక్కుకున్నాడు.

ఒక ముఖ్యమైన మాట. అప్రెంటిసు అంటే ఉద్యోగమే గనుక పని అనుమతి ఉండాలి. మా వాడు ఇక్కడ పుట్టినవాడు, ఇబ్బంది లేదు. గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తూ పిల్లలను హెచ్-4 మీద ఉంచుకున్న కుటుంబాలకు ఇది కుదరదు. ముందే తెలుసుకోవడం మంచిది.

అన్నీ కంప్యూటరు మిషన్లే చేసేస్తాయి గదా అని చాలామంది అడిగారు, అదీ మేము కంప్యూటరు మనుషులం గనుక మమ్మల్నే. అంకెలతో నడిచే మిల్లింగు మిషను 1952లోనే ఎం.ఐ.టి. వారు చేసి చూపించారు. ఆలోచన మిషిగన్‌లో పార్సన్స్ అనే ఆయనది. మా వాడు మూడో ఏటి నుంచీ వాటి మీదనే ఉన్నాడు, ప్రోగ్రాము కూడా వాడే రాసుకుంటాడు. ఒకసారి వాడి ప్రోగ్రాము చూసి మేము ఒక తప్పు పట్టాము. అది తప్పు కాదని వాడు ఓపికగా వివరించాడు. ముక్కను ఎక్కడ బిగించాలి, కత్తి అరుగుతున్నదా, శబ్దం ఎందుకు మారింది అన్నది మనిషే చూడాలట. గురువు గారు కళ్ళు మూసుకుని శబ్దం విని కత్తి మార్చమంటారని చెప్పాడు.

ఇంకొక విషయం రాయాలా వద్దా అని మా ఆవిడా మేమూ రెండు రోజులు వాదించుకున్నాము. రాయమనే ఆవిడ తేల్చింది. పోయిన ఏడు ఒక మంచి సంబంధం వచ్చింది. పిల్లలిద్దరూ రెండుసార్లు మాట్లాడుకున్నారు. తరవాత వాళ్ళ పెద్దలు ఫోను చేసి, "అబ్బాయిది ఏ డిగ్రీ అన్నారు?" అని అడిగారు. మేము ఈసారి పులిహోర వైపు జరగలేదు, ఉన్నది చెప్పాము. "ఆలోచించి చెబుతామండీ" అన్నారు. ఇంకా ఆలోచిస్తున్నారు. వాళ్ళను తప్పు పట్టలేము. 2019కి ముందు మేమూ అదే ప్రశ్న వేసేవాళ్ళం.

గురువు గారు మొన్న మార్చిలో రిటైరయ్యారు. మా ఇంటికి భోజనానికి పిలిచాము. ఆవకాయ తిని నీళ్ళు తాగకుండా తట్టుకున్నారు. వెళ్ళేటప్పుడు కోటు జేబులోంచి ఒక ఇనప దిమ్మ తీసి బల్ల మీద పెట్టారు, మా వాడు మొదటి నెలలో పదకొండు రోజులు అరగదీసినది. నాలుగేళ్ళూ నూనె రాసి దాచారట, తుప్పు చుక్క లేదు. మా ఆవిడ దాన్ని దేవుడి గూట్లో పెట్టింది. అక్కడ ఎందుకమ్మా అని వాడు గోల చేస్తున్నాడు గాని, ఇంకా తియ్యలేదు.

వచ్చే నెల సంఘం పాట్‌లక్ రోజున వాడు తన పెట్టె తెస్తానన్నాడు. పదేళ్ళు దాటిన పిల్లలు వస్తే వాళ్ళ తలవెంట్రుకలు మైక్రోమీటరుతో కొలిచి చూపిస్తాడట. పెద్దలు కూడా రావచ్చు, వెంట్రుకలు మిగిలి ఉన్నవారు.